పాట ఎవరిది? పైసలు ఎవరివి?

మన పల్లెల్లో పాట లేని పని లేదు. నాట్లు వేస్తే పాట. కలుపు తీస్తే పాట. పెండ్లిలో పాట. బతుకమ్మ ఆడితే పాట. పాట పాడుతుంటే నడుము నొప్పి తెలియదు, పొద్దు పోయేది తెలియదు అంటారు పెద్దలు.

మరి పాట పాడితే కడుపు నిండుతుందా?

ఈ ప్రశ్న మా రాత్రి బడిలో వచ్చింది. అడిగింది పాటలత్త. ఆమె అసలు పేరు వేరే. ఊరంతా పాటలత్త అనే పిలుస్తుంది. ఆమె ఒక గట్టు మీద గొంతెత్తితే నాలుగు మడుల అవతల ఉన్నవాళ్లు అందుకుంటారు.

పాటలత్త మొదట నేర్చుకున్నది సంతకం. అంతకుముందు సంఘం పుస్తకంలోనూ, బ్యాంకులోనూ వేలిముద్రే. సంతకం వచ్చిన రోజు పలక మీద రాసింది. చాలలేదు. ఇంటికి పోయి గుమ్మం పక్కన గోడ మీద బొగ్గుతో కూడా రాసుకుంది. ఇప్పటికీ ఆ గోడకు ఆమె సున్నం వేయనివ్వదు.

ఒక రాత్రి ఆమె మనుమడి సెల్‌ఫోను పట్టుకొని వచ్చింది. ఫోనులో యూట్యూబ్ పెట్టి ఉంది. అందులో పాటలత్తే పాడుతోంది. పక్కన బతుకమ్మ. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. పాట కింద ఒక అంకె ఉంది.

"టీచరమ్మా, గీ అంకె ఎంత?" అంది.

"మీరే చదవండి అత్తా" అన్నాను.

11,42,306. ఆమె వేలు పెట్టి చదివింది. "పదకొండు లక్షల... నలభై రెండు వేల... మూడు వందల ఆరు." చదివి ముక్కున వేలేసుకుంది. "గింతమంది సూసిండ్రా? మన మండలమంతా కలిపినా గింతమంది ఉండరు గద!"

"ఒక్కరే నాలుగుసార్లు చూస్తే నాలుగని లెక్క అత్తా. అయినా చాలామందే చూశారు."

"మరి నాకు ఐదు వందలు, ఒక చీర ఇచ్చి పోయిండ్రు. కడమయి ఏడబోయినయి?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ లెక్క నాకూ తెలియదు. తెలిసినవారిని అడిగాను, చట్టం పుస్తకం తెచ్చి చదివాను. ఆ తర్వాత మేం బడిలో మాట్లాడుకున్నవే ఈ పాఠం.

ఊరి కల్లం, ఫోను కల్లం

పాతకాలంలో పాడేవారికి, కథ చెప్పేవారికి, డప్పు కొట్టేవారికి ఊరే తిండి పెట్టేది. పంట కోసి కల్లంలో రాశి పోస్తారు. ఇంటికి తీసుకుపోయే ముందు వాళ్లకు కొలిచి ఇస్తారు. ఎవరికి ఎన్ని మానికలో ఊరికి తెలుసు. అది మంచి కాలం అని నేను అనను. ఇచ్చేవాడి దయ మీద, కులం మీద నడిచిన లెక్క అది. ఎండలో గంటలకొద్దీ నిలబెట్టి, చివరికి తాలు గింజలు కొలిచిన దొరలూ ఉన్నారు. అయితే ఒక్క సంగతి. రాశి కళ్ల ముందు ఉండేది. కొలత కళ్ల ముందు జరిగేది.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. పాట రికార్డు చేసి, ఒక్కసారి ఇంత అని చేతిలో పెట్టి పంపేవారు. ఎన్ని క్యాసెట్లు అమ్ముడుపోయాయో పాడినవారికి తెలిసేది కాదు.

ఇప్పుడు ఇంటర్నెట్టు వచ్చింది. 2016లో జియో వచ్చాక డేటా చౌక అయింది. పొలం గట్టు మీద కూర్చొని కూడా వీడియో చూస్తున్నాం. పాట పాడిన అత్త మన ఊళ్లో ఉంటే, వినే అల్లుడు దుబాయిలో ఉంటాడు, బిడ్డ అమెరికాలో ఉంటుంది. రాశి పెద్దదైంది. కానీ కల్లం మన కళ్లకు కనపడదు. అందుకే కొలిచే పద్ధతి తెలుసుకోవాలి.

యూట్యూబ్‌లో వీడియో చూసేవారు పైసలు కట్టరు. వీడియో ముందు, మధ్యలో ప్రకటనలు వస్తాయి. సబ్బు, టూత్ పేస్టు, బైకు, ఏదో ఒకటి. ఆ కంపెనీలు యూట్యూబ్‌కు పైసలు ఇస్తాయి. యూట్యూబ్ అందులో ఛానల్ పెట్టినవారికి వాటా ఇస్తుంది. మామూలు వీడియో మీద ప్రకటనలకు 100 రూపాయలు వస్తే ఛానల్‌కు 55, యూట్యూబ్‌కు 45. షార్ట్స్ అనే పొట్టి వీడియోలకు లెక్క వేరు. అక్కడ ఛానల్ వాటా నూటికి 45.

ఛానల్ పెట్టగానే ఈ వాటా రాదు. ముందు 1,000 మంది ఆ ఛానల్‌కు సబ్‌స్క్రైబర్లుగా చేరాలి. గత 12 నెలల్లో జనం ఆ వీడియోలను అన్నీ కలిపి 4,000 గంటలు చూసి ఉండాలి. లేదా 90 రోజుల్లో పొట్టి వీడియోలకు కోటి వ్యూస్ రావాలి.

4,000 గంటలంటే ఎంత? మా బడిలో లెక్క వేశాం. గంటకు 60 నిమిషాలు. 4,000 × 60 = 2,40,000 నిమిషాలు. పాట 4 నిమిషాలు ఉందనుకోండి. మొదటి నుంచి చివరి దాకా 60,000 సార్లు చూడాలి. సగం చూసి తీసేస్తే 1,20,000 సార్లు కావాలి.

ఒక్క వ్యూకు ఇంత అని ధర లేదు. ప్రకటన ఏది, చూసినవారు ఎక్కడున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు చూస్తే సాధారణంగా ఎక్కువ వస్తుంది. మన ఊళ్లో మనమే చూసుకుంటే తక్కువ. అందుకే 11 లక్షల వ్యూస్ అనగానే 11 లక్షల రూపాయలు అనుకోవద్దు. దానికి చాలా తక్కువే వస్తాయి. కానీ ఏమీ రావు అనేవాడి మాట కూడా నమ్మవద్దు.

పైసలు ఎవరి చేతికి వస్తాయి? ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి. ఛానల్ ఎవరి పేరున ఉంటే వారి బ్యాంకు ఖాతాకే వస్తాయి. 100 డాలర్లు జమ అయితేనే పంపుతారు. మన లెక్కలో అది ఎనిమిది వేల రూపాయల పైన. అంతకంటే తక్కువ ఉంటే పక్క నెలకు పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఖాతాదారుడు ఇచ్చిన అడ్రసు సరైనదేనా అని చూడడానికి పోస్టులో ఒక ఉత్తరం వస్తుంది. అందులో ఆరు అంకెల నంబరు ఉంటుంది. దాన్ని ఫోనులో ఎక్కించాలి. ఇంత ఇంటర్నెట్టు వచ్చినా ఆ నంబరు తెచ్చేది పోస్టుమ్యానే. పాటలత్తకు ఈ ముక్క చాలా నచ్చింది. "అయితే మన పోస్టు అన్నకు ఇంక పని ఉన్నట్టే" అంది.

ఇద్దరి కథ

జగిత్యాల జిల్లాలో లంబాడిపల్లి అని ఒక ఊరు ఉంది. అక్కడ శ్రీరామ్ శ్రీకాంత్ అనే యువకుడు 2012లో 'మై విలేజ్ షో' అని యూట్యూబ్ ఛానల్ పెట్టాడు. ఊరి ముచ్చట్లు, ఊరి మాట, ఊరి మనుషులు. అదే ఊరి గంగవ్వ అందులోకి వచ్చింది. ఆమె పెద్దగా చదువుకోలేదు. పొలం కూలికి పోయింది, బీడీలు చుట్టింది. ఆమె మాట తీరు జనానికి నచ్చింది. 2020లో టీవీలో 'బిగ్ బాస్' అనే కార్యక్రమం దాకా పోయింది. సినిమాల్లో కూడా కనపడింది. అరవై ఏండ్ల ఇవతల ఒక పల్లె ఆడమనిషికి తన మాటే బతుకుతెరువు అయింది. ఇది జరిగిన సంగతి. కానీ ఒకటి చూడండి. ఛానల్ ఊరివాళ్లదే. తీసినవారూ ఊరివాళ్లే. కల్లం ఊళ్లోనే ఉంది.

రెండో కథ దర్శనం మొగులయ్యది. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. 12 మెట్ల కిన్నెర వాయిస్తారు. ఆ కిన్నెర వాయించేవారు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాటలో ఆయన గొంతు వినపడింది. ఆ పాటను ఇంటర్నెట్టులో కోట్లసార్లు చూశారు. 2022లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించింది. 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాదు దగ్గర తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తూ కనపడ్డారు. నెలనెలా వచ్చే గౌరవ భృతి ఆగిపోయిందని, ఇంటి ఖర్చులకు, మందులకు పైసలు కావాలని చెప్పారు.

ఈ కథ చదివినప్పుడు మా బడిలో చాలాసేపు మాటలు జరిగాయి. "కోటి ఇస్తే ఏమాయె?" అన్నాడు ఒక అన్న. పిల్లల పెండ్లిండ్లు, ఇల్లు, రోగాలు ఉన్న ఇంట్లో పైసలు ఎట్ల కరుగుతాయో తెలియనిది ఎవరికి? పక్కనే కూర్చున్న ఒక అక్క ఇట్లా అంది: "ఇచ్చింది బహుమానం. అది ఒక్కసారి వస్తది. పాటకు పైస నెలనెలా రావాలె గద." నేను చెప్పాల్సిన మాట ఆ అక్క చెప్పేసింది. శాలువా కప్పుతారు, ఫోటో దిగుతారు, చెక్కు ఇస్తారు. మంచిదే. కానీ పాటను జనం చూసినన్ని రోజులు పాడినవారికి ఎంతో కొంత రావాలి. అట్లా వచ్చేదాన్ని రాయల్టీ అంటారు. ఈ మాట మీ పుస్తకంలో రాసుకోండి.

చట్టంలో ఏముంది?

మన దేశంలో 1957 నుంచి కాపీరైటు చట్టం ఉంది. పాట విషయంలో మూడు రకాల మనుషులను విడిగా చూడాలి.

మొదటివారు పాట రాసినవారు, బాణీ కట్టినవారు. ఆ పాట మీద హక్కు వారిది. వారు బతికినన్ని రోజులు, చనిపోయాక 60 ఏండ్లు ఆ హక్కు ఉంటుంది. వారు చనిపోయాక ఆ 60 ఏండ్లు అది వారి పిల్లలకు చెందుతుంది.

రెండోవారు పాడినవారు, వాయించినవారు. అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న పాట అనుకోండి. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. అది ఊరి సొత్తు. ఎవరైనా పాడుకోవచ్చు. ఇది నాది అని ఎవరూ అనలేరు. కానీ పాటలత్త ఆ పాట పాడినప్పుడు ఆ పాడడం పాటలత్తది. ఆమెను అడగకుండా రికార్డు చేసి వ్యాపారం చేయకూడదు. ఈ హక్కును 1994లో చట్టంలో చేర్చారు. 2012లో ఇంకా గట్టి చేశారు. 50 ఏండ్లు ఉంటుంది. పాడినవారి పేరు చెప్పమని అడిగే హక్కు కూడా ఉంది. వ్యాపారానికి వాడుకుంటే పాడినవారికి రాయల్టీ రావాలని చట్టంలో రాశారు.

మూడోవారు రికార్డు చేయించినవారు. కెమెరా, మైకు, ఖర్చు వారిది. వారి రికార్డు మీద వారికీ హక్కు ఉంది. వాళ్లు దొంగలు కారు. వాళ్లు లేకపోతే పాట మన మడి దాటి పోదు. వాటా తెగ్గొట్టినప్పుడే పేచీ.

ఊరి పాట విషయంలో గొడవ ఎట్లా వస్తుందో 2021లో అందరం చూశాం. 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' పాట వచ్చింది. పాత జానపదం మీద సుద్దాల అశోక్ తేజ రాశారు. మంగ్లీ పాడారు. ఆ జానపదాన్ని సేకరించింది తానని, ఇంతకుముందే టీవీలో పాడానని కోమలి అనే గాయని ముందుకు వచ్చారు. చివరికి ఆమెకు పేరు, పైసలు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. ఆమె నోరు తెరిచి అడిగారు కాబట్టే ఆ మాట వచ్చింది.

హక్కు ఒకరికి రాసివ్వాలంటే కాగితం ఉండాలి. నోటి మాట చెల్లదు. కాగితం మీద సంతకం ఉండాలి. ఏ పాట, ఏ హక్కు, ఎన్నేండ్లు, ఏ ఏ దేశాల్లో, పైసలు ఎంత, ఇవన్నీ రాయాలి. ఎన్నేండ్లో రాయకపోతే 5 ఏండ్లే అని చట్టం చెప్తుంది. ఎక్కడో రాయకపోతే మన దేశం వరకే.

పాటలత్త కాగితం

ఇక మన పాటలత్త దగ్గరికి వద్దాం.

"అత్తా, ఆ పిల్లగాడు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడా?"

"పెట్టిచ్చుకున్నడు బిడ్డా."

"చదివారా?"

ఆమె తల దించుకుంది. "లేదు. వేలిముద్ర వేస్తవా అవ్వా అని ఇంకు డబ్బా తీసిండు. నాకు రోషమొచ్చింది. నాకు సంతకం వస్తది అన్న. పెన్ను గుంజుకొని పెట్టిన. సదువుడు యాదికి రాలే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. సంతకం నేర్పింది నేను. సంతకానికి ముందు చదవాలి అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కపెట్టుకుంటే సిగ్గేసింది.

కాగితం నకలు ఆమె దగ్గర లేదు. అందుకే ఆ వారం మా బడిలో ఉత్తరం రాయడం పాఠం పెట్టుకున్నాం. అందరూ తలా ఒక మాట చెప్పారు. పాటలత్త రాసింది:

"బాబుకు, 2023 అక్టోబరులో మా ఊళ్లో బతుకమ్మ పాట తీసుకున్నారు. నేను ఒక కాగితం మీద సంతకం పెట్టినాను. దాని నకలు నా దగ్గర లేదు. దయచేసి పంపగలరు."

కింద సంతకం, తేదీ. మనుమడు దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. మూడో రోజు కాగితం ఫోటో వచ్చింది. బడి అంతా మూగి చదివాం. "పాట వీడియో తీయుటకు, మా ఛానల్‌లో పెట్టుటకు అంగీకరిస్తున్నాను. రూ. 500 ముట్టినవి." అంతే ఉంది. ఎన్నేండ్లో లేదు. ఏ దేశమో లేదు. పాడినవారి పేరు వేయాలని లేదు, వేయనక్కరలేదనీ లేదు.

అప్పుడు ఒక అన్న వేళ్లు మడిచి లెక్క పెట్టాడు. 2023కు ఐదు కలిపితే 2028. "అంటే ఇది 2028 దాకనే నడుస్తది." నేనూ అట్లాగే అనుకున్నాను. వకీలుకు చూపించి గట్టి చేసుకోవాలి అన్నాను. వకీలు ఫీజు అనగానే అందరూ వెనక్కి జరిగారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు వకీలును ఉచితంగా ఇస్తారు. ఆదాయం ఎంత అని చూడరు. మగవాళ్లలో పేదవారికీ ఇస్తారు. జిల్లా కోర్టులోనే ఆ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

ఇంతలో ఆ పిల్లవాడే మళ్లీ వచ్చాడు. ఈసారి ఆరు పాటలు కావాలన్నాడు. 3,000 రూపాయలు ఇస్తానన్నాడు. చెడ్డ పిల్లవాడు కాదు. అతనూ ఎవరి దగ్గరో నెల జీతానికి తిరిగేవాడే. తెచ్చిన కాగితం మాత్రం పాత కాగితం లాంటిది కాదు. ఇది పెద్దగా ఉంది. పాటలత్త సంచిలోంచి కళ్లద్దాలు తీసింది. "ఇయ్యాల సంతకం పెట్ట. బడికి తీస్కపోయి సదివి పెడ్త" అంది.

రాత్రి బడిలో లాంతరు పక్కన పెట్టుకున్నట్టు ఆ కాగితం మధ్యన పెట్టుకున్నాం. ఇట్లా ఉంది:

"పై ఆరు పాటల మీద నాకు గల సర్వ హక్కులను శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న మరియు ఇక ముందు రాబోవు అన్ని మాధ్యమములలో ఛానల్ యజమానికి ఇచ్చివేయడమైనది. ఇందుకు పూర్తి ప్రతిఫలం రూ. 3,000 ముట్టినది. ఇక ముందు నాకు గాని నా వారసులకు గాని ఏ విధమైన హక్కు ఉండదు."

ఒక్కొక్క మాటకు అర్థం చెప్పుకున్నాం. సర్వ అంటే అన్నీ. శాశ్వతంగా అంటే ఎప్పటికీ. మాధ్యమం అంటే జనానికి చేర్చే దారి: టీవీ, ఫోను, సినిమా, రేడియో. ప్రతిఫలం అంటే బదులుగా ఇచ్చే పైసలు. వారసులు అంటే మన తర్వాత మన పిల్లలు. మాటలు పెద్దవి. విప్పి చూస్తే సంగతి చిన్నది. 3,000కు అంతా పోతుంది.

"నా మనుమరాలు నా పాట పాడుకోవద్దా?" అంది పాటలత్త.

ఊరి పాట అయితే పాడుకోవచ్చు. కానీ ఆ ఆరు పాటల్లో ఒకటి ఊరి పాట కాదు. కొడుకు దుబాయి పోయినప్పుడు ఆమె తానే కట్టుకున్న పాట. మాటా ఆమెదే, బాణీ ఆమెదే. దాని మీద ఆమెకు పాడినామె హక్కు, కట్టినామె హక్కు, రెండూ ఉన్నాయి. బియ్యం బస్తాలో బంగారు గుండు పడినట్టు ఆ పాట ఆరు పాటల్లో కలిసిపోయింది. ఇంకో సంగతి. రాసినవారు, బాణీ కట్టినవారు హక్కు ఇచ్చేసినా రాయల్టీలో తమ సమాన వాటాను వదులుకోవడానికి వీలు లేదని 2012లో చట్టం మార్చారు. అడిగేవారు లేకపోతే ఆ మాట చట్టంలోనే పడి ఉంటుంది.

మనుమడు అడ్డం వచ్చాడు. "ఎందుకు వాళ్లకు ఇయ్యాలె? మనమే ఛానల్ పెడుదాం." మంచి ఆలోచనే. ఖాతా తమది అవుతుంది. కానీ వారం వారం వీడియో తీయాలి, కోయాలి, అతకాలి, పెట్టాలి. ఆ 1,000 మంది, 4,000 గంటలు నిండేదాకా ఒక్క పైసా రాదు. నిండుతుందన్న హామీ లేదు. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను ఆపేసింది. రోజూ లక్షల మంది చూసే పిల్లలకు తెల్లారేసరికి చూసేవారు లేరు. అందుకే నన్ను అడిగితే, ఛానల్ పెట్టండి, కూలి పని మాత్రం మానకండి అంటాను. ఒక్క ఎద్దుతో అరక కట్టలేం. పాట వల్ల పేరు వస్తే పెండ్లిండ్లకు, సభలకు పాడమని పిలుస్తారు. చాలామంది పల్లె గాయకులకు వీడియో కంటే ఆ పిలుపుల మీదే ఎక్కువ వస్తుంది. అందుకే వీడియో మీద పేరు ఉండాలి. పేరు లేకపోతే ఎవరిని పిలుస్తారు?

వాటా గురించి కూడా లెక్క వేసుకున్నాం. నెలకు ప్రకటనల మీద 20,000 వచ్చాయని అనుకుందాం. యూట్యూబ్ 9,000 ఉంచుకుంటుంది. ఛానల్‌కు 11,000. కెమెరా, ప్రయాణం, కూర్చే పని ఖర్చు 3,000 తీస్తే 8,000 మిగులుతాయి. అందులో పాడినామెకు నాలుగో వంతు అంటే 2,000. ఒక నెలకు 2,000, ఇంకో నెలకు 200 కావచ్చు. కానీ నెలనెలా అడిగే హక్కు ఉంటుంది.

చివరికి పాటలత్త తానే పెన్ను తీసింది. కాగితంలో రెండు వరుసలు కొట్టేసింది. పక్కన తన చేతిరాతతో రాసింది. పాటలు ఐదే. దుబాయి పాట ఇవ్వను. 5 ఏండ్లు. వీడియోలో నా పేరు, ఊరి పేరు వేయాలి. ఖర్చు పోను వచ్చినదాంట్లో నాలుగో వంతు నా ఖాతాకు. కాగితం నకలు నాకు. "ఖాతాకు" అన్నచోట త కు థ రాసి, కొట్టేసి మళ్లీ రాసింది.

మరుసటి రోజు ఆ పిల్లవాడు కాగితం చూశాడు. రెండుసార్లు చదివాడు. "అవ్వా, ఇది మా సారును అడిగి చెప్త" అన్నాడు.

"అడుగు బిడ్డా. నాకేం తొందర లేదు" అంది పాటలత్త. చాయ్ తాగించి పంపింది.

పది రోజులు అయింది. ఇంకా ఫోను రాలేదు. వస్తుందో రాదో తెలియదు. పాటలత్త నాట్లకు పోతోంది. రాత్రిపూట బడిలో దుబాయి పాటను పుస్తకంలో రాసుకుంటోంది. పైన తేదీ వేసింది, కింద సంతకం పెట్టింది. రెండు చరణాలు అయ్యాయి. మూడోది పాడుతుంది కానీ రాయలేకపోతోంది. రాస్తుంటే ఏడుపు వస్తుందట.

మీ పుస్తకంలో రాయండి

పై లెక్కలో నెలకు ప్రకటనల మీద 8,000 మాత్రమే వస్తే, ఖర్చు 2,000 అయితే, నాలుగో వంతు వాటా ఎంత?

మీ ఇంట్లో ఇంతవరకు సంతకం పెట్టిన కాగితాలు ఏవేవి? వాటి నకళ్లు మీ దగ్గర ఉన్నాయా? ఒక్కటి తెచ్చి బడిలో అందరి ముందు చదవండి.

మీకు వచ్చిన ఒక పాట రాయండి. మీరు కట్టినదైతే కింద మీ పేరు, తేదీ వేయండి. పెద్దల దగ్గర నేర్చుకున్నదైతే ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి పేరు రాయండి.